వారాంతపు సైకిలిస్టుల మోకాళ్లు, చేతులు, నడుము: ఫిట్టింగ్‌తో ఎంత తగ్గుతుంది, వ్యాయామంతో ఎంత తగ్గుతుంది

మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ సమస్య క్లుప్తంగా చెప్తాను. మీది కూర్చుని చేసే ఉద్యోగం, వయసు నలభై దాటింది, ఏడాదిగా రోడ్ బైక్ తొక్కుతున్నారు. నెల కిందటి దాకా ఆదివారం 40 కిలోమీటర్లు తొక్కేవారు. 100 కిలోమీటర్ల రైడ్‌కి పేరు ఇచ్చాక దాన్ని 80కి పెంచారు. ఇప్పుడు గంట తొక్కేసరికి కుడి మోకాలిచిప్ప చుట్టూ నొప్పి, ఎడమ చేతి చిటికెన వేలు తిమ్మిరి, దిగాక నడుము పట్టేయడం. బైక్ ఫిట్టింగ్ (సైకిల్ సీటు, హ్యాండిల్, పెడళ్లను శరీరానికి సరిపోయేలా సర్దడం) చేయిస్తే సరిపోతుందా, వ్యాయామాలు కూడా చేయాలా అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టును. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువ, ఫిట్టింగ్ కూడా చేస్తాను. మీకు రెండూ అవసరమే. కానీ ఆ రెండింటికన్నా ముందు చూడాల్సింది మీ ప్రశ్నలోనే ఉంది: నెల రోజుల్లో దూరం రెట్టింపు చేశారు. అది అలాగే ఉంచి ఎంత మంచి ఫిట్టింగ్ చేయించినా నొప్పి తాత్కాలికంగానే తగ్గుతుంది.

ఎందుకో చెప్తాను. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకు ఒక్కో మోకాలు 4,800 సార్లు వంగి లేస్తుంది. 90 సార్లయితే 5,400. పరుగెత్తేవాళ్ల అడుగు నేలను బట్టి కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. సైకిల్ మీద అలా కాదు. క్రాంక్ (పెడల్‌ని ఇరుసుకు కలిపే కడ్డీ) పొడవు మారదు, సీటు కదలదు, క్లీట్లు (బూటు అడుగున ఉండి పెడల్‌లో బిగుసుకునే ముక్కలు) వేసుకుంటే పాదం కూడా ఒకేచోట బిగిసి ఉంటుంది. అంటే మోకాలు గంటల తరబడి దాదాపు ఒకే దారిలో తిరుగుతుంది. సీటు అరంగుళం తక్కువ ఉంటే ఆ తేడా ప్రతి చుట్టులోనూ పడుతుంది. వారానికి 40 కిలోమీటర్లప్పుడు శరీరం దాన్ని సర్దుకుంది. 80కి వచ్చేసరికి సర్దుకోలేకపోయింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లకు నెలలు పడుతుంది. అందుకే మీకు 80 కిలోమీటర్లకు ఆయాసం రాలేదు, మోకాలు మాత్రం మొరాయించింది. ఆయాసం లేదు కదా, ఇంకొంచెం తొక్కుదాం అనుకోవడం దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు.

ఫిట్టింగ్ ఒక్కటే అన్నిటికీ మందు అయితే ప్రొఫెషనల్ రేసర్లకు నొప్పులే ఉండకూడదు. వాళ్ల సైకిళ్లను సరిచూడటానికి మనుషులే ఉంటారు. అయినా 109 మంది ప్రొఫెషనల్ రోడ్ సైకిలిస్టులను అడిగి 2010లో అమెరికన్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు ఏడాది కాలంలో 58 శాతం మందికి నడుము నొప్పి, 36 శాతం మందికి మోకాలి ముందు భాగంలో నొప్పి వచ్చినట్టు తేలింది. ఇది మీకు భయం పెట్టడానికి చెప్పడం లేదు. మీకున్న నొప్పులు సైకిల్ తొక్కేవాళ్లకు వచ్చే మామూలు నొప్పులే, మీ శరీరంలో ఏదో పెద్ద లోపం ఉందని కాదు. మోకాలిచిప్ప దగ్గర నొప్పి అనగానే చాలామంది గుజ్జు అరిగిపోయిందని టెన్షన్ పడతారు. దూరం పెంచిన నెలలోనే మొదలైన నొప్పి ఎక్కువగా అరుగుదల వల్ల కాదు, మోకాలి మీద ఒక్కసారిగా పడిన భారం వల్ల వస్తుంది.

కాబట్టి మొదటి పని: ఆదివారం రైడ్‌ని మళ్లీ 40 కిలోమీటర్లకు తెండి. అప్పటికీ నొప్పి వస్తుంటే 30కి. పూర్తిగా మానేయమని అనను, మానేస్తే ఉన్న బలమూ తగ్గుతుంది. వారం మధ్యలో రెండు రోజులు ముప్పావు గంట చొప్పున తేలిక గేర్లో తొక్కండి. ఒకే రోజు 80 తొక్కడం కన్నా మూడు రోజుల్లో పంచుకుని 80 తొక్కడం మోకాలికి చాలా నయం. నొప్పికి కొలత ఇది: పదికి మూడు దాటకూడదు, మరునాటి ఉదయానికి మామూలు స్థితికి రావాలి. మెట్లు దిగేటప్పుడు ఇంకా గుచ్చుతోందంటే నిన్నటి రైడ్ ఎక్కువైందన్నమాట. మళ్లీ పెంచేటప్పుడు దూరమో, ఎత్తులెక్కడమో, వేగమో ఏదో ఒకటే పెంచండి. వారానికి పది శాతం అనే లెక్క ఒక అంచనా మాత్రమే, అది శాస్త్రం కాదు. మూడు వారాలు పెంచి, నాలుగో వారం తగ్గించే పద్ధతి నలభై దాటినవాళ్లకు బాగా పనికొస్తుంది.

ఇక సీటు సంగతి. ఫిట్టింగ్‌లో ఒక్కటే సరిచేసుకునే వీలుంటే సీటు ఎత్తునే ఎంచుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే.

రైడ్‌కి వేసుకునే బూట్లే వేసుకుని, సైకిల్‌ని ట్రెయినర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండ్) మీద పెట్టి లేదా గోడకు ఆనుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ని అడుగుకు తెచ్చి దాని మీద మడమ ఆనించండి. తుంటి పక్కకు వాలకుండా కాలు సరిగ్గా తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు తగినంత వంగుతుంది. ఇది స్థూలమైన పద్ధతి. రెండోది లెక్క: బూట్లు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైకి గట్టిగా నొక్కి పట్టి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వస్తే 70.6. క్రాంక్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఆ దూరం ఉండాలి. బూటు అడుగు మందాన్ని బట్టి, క్రాంక్ పొడవును బట్టి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

మూడోది, నేను ఎక్కువ నమ్మేది, మోకాలి కోణం. పెడల్ అడుగున ఉండగా, కదలకుండా కూర్చుని కొలిస్తే కాలు తిన్నని గీత నుంచి 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. ఇంట్లోనే చూసుకోవచ్చు. తుంటి పక్కన తగిలే ఎముక మీద, మోకాలి బయటి వైపు, చీలమండ ఎముక మీద చిన్న టేపు ముక్కలు అంటించండి. ఫోన్‌ని మోకాలి ఎత్తులో, పక్క నుంచి తిన్నగా పెట్టండి. పది నిమిషాలు తొక్కి ఒళ్లు వేడెక్కాక వీడియో తీయండి. తొక్కుతుండగా తీసిన వీడియోలో కోణం, కదలకుండా కొలిచినదానికన్నా ఐదు నుంచి పది డిగ్రీలు ఎక్కువ కనిపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

మోకాలి ముందు నొప్పి ఉంటే నేను మొదట చూసేది సీటు బాగా కిందికి ఉందా అని. సీటు తక్కువైతే పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు మరీ ముడుచుకుంటుంది, ఆ స్థితిలో బలం వేస్తే మోకాలిచిప్ప తొడ ఎముకకు ఎక్కువగా ఒత్తుకుంటుంది. కొత్తవాళ్లు సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించుకుంటారు. అలా ఆనితే సీటు దాదాపు కచ్చితంగా తక్కువే. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడటం అలవాటు చేసుకోండి. అదే నొప్పి మోకాలి వెనక ఉంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉందని అనుమానించాలి. బయటి పక్క మంటగా ఉంటే సీటు ఎత్తుతో పాటు క్లీట్ కోణం కూడా చూడాలి.

మార్చేటప్పుడు 3 నుంచి 5 మిల్లీమీటర్లే మార్చండి, రెండు మూడు రైడ్లు చూసి మళ్లీ మార్చండి. ఒకేసారి రెండు మార్పులు వద్దు, దేనివల్ల తగ్గిందో తెలియకుండా పోతుంది. సీట్‌పోస్ట్, అంటే సీటుని మోసే కడ్డీ, ఫ్రేమ్‌లోకి దిగే చోట ఒక ఎలక్ట్రికల్ టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ఈ టేపు వల్ల ఇంకో లాభం ఉంది. దాన్ని బిగించే క్లాంప్ వదులుగా ఉన్న సైకిళ్లలో సీట్‌పోస్ట్ రోజుకింత చొప్పున తెలియకుండా కిందికి జారుతుంది. ఫిట్టింగ్ చేయించినా నొప్పి తిరిగొచ్చిందని వచ్చేవాళ్ల సైకిల్లో నేను ముందు చూసేది ఇదే. టేపు ఫ్రేమ్ అంచు దగ్గర ముడతలు పడి ఉంటే జవాబు దొరికినట్టే.

సీటు గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి సీటుని 10 మిల్లీమీటర్లు పైకి లేపితే దాదాపు 3 మిల్లీమీటర్లు వెనక్కి కూడా వెళ్తుంది. ఎత్తు కుదిరాకే ముందూ వెనకలు చూడటం అందుకే. క్రాంక్ నేలకు సమాంతరంగా ముందుకు ఉన్నప్పుడు మోకాలి ముందు నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీస్తే అది పెడల్ ఇరుసు దగ్గర పడాలంటారు. మొదలుపెట్టడానికి అది చాలు, దాన్ని మిల్లీమీటరు దాకా పట్టుకు వేలాడొద్దు.

మీకు నొప్పి కుడి మోకాలికే ఉంది. రెండు కాళ్లకూ సీటు ఎత్తు ఒకటే కాబట్టి, ఒకే వైపు వచ్చే నొప్పికి క్లీట్‌ని తప్పక చూడాలి. రెండు బూట్లు పక్కపక్కనే బోర్లా పెట్టి చూడండి. కుడి క్లీట్ పక్కకు తిరిగి ఉందా, ఒక అంచు ఎక్కువ అరిగిందా? క్లీట్ రంగు కూడా చూసుకోండి, పాదం ఎన్ని డిగ్రీలు అటూ ఇటూ కదలగలదో రంగే చెప్తుంది. షిమానో కంపెనీ ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ రకంలో పసుపుకి 6, నీలానికి 2, ఎరుపుకి సున్నా. లుక్ కంపెనీ కియో రకంలో ఎరుపుకి 9, బూడిద రంగుకి 4.5, నలుపుకి సున్నా. అంటే ఒక కంపెనీలో ఎరుపు అసలు కదలనివ్వదు, ఇంకో కంపెనీలో అదే ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ కదలనిస్తుంది. పెడల్ కంపెనీ మార్చి, అలవాటైన రంగే కొని మోకాలి నొప్పి తెచ్చుకునే అవకాశం నిజంగానే ఉంది. సరదాగా తొక్కేవాళ్లకు సున్నా క్లీట్లు అవసరం లేదు. మామూలు ఫ్లాట్ పెడళ్లతో హాయిగా ఉంటే క్లీట్లకు మారాల్సిన పని కూడా లేదు.

గేర్ల గురించి ఒక్క మాట. అదే వేగానికి పెడల్ నెమ్మదిగా తిప్పితే ఒక్కో చుట్టుకు వేయాల్సిన బలం పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేర్లో నిమిషానికి 55, 60 చుట్లతో ఈడ్చుకుంటూ వెళ్లడం నొప్పి ఉన్న మోకాలికి అన్నిటికన్నా చెడ్డది. ప్రస్తుతానికి నిమిషానికి 80 చుట్లకన్నా తగ్గనివ్వకండి. మీ గేర్లతో అది కుదరకపోతే వెనక ఇంకా పెద్ద పళ్ల చక్రం వేయించుకోవడం మొహమాట పడాల్సిన విషయం కాదు.

చేతి తిమ్మిరికి వద్దాం. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కితే అది అల్నార్ నరం. అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు దగ్గరగా ఉండే దారిలో నుంచి అది వెళ్తుంది. హ్యాండిల్‌బార్ మీద బరువు సరిగ్గా అక్కడే పడుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం. చాలామంది వెంటనే జెల్ గ్లవుజులు కొంటారు, మెత్తటి టేపు చుట్టిస్తారు. వాటితో కొంత ఉపశమనం ఉంటుంది, కానీ అసలు కారణం చాలాసార్లు సీటులోనే ఉంటుంది. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మీరు తెలియకుండా ముందుకు జారుతుంటారు, జారకుండా చేతులతో తోసుకుంటుంటారు. సీటు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. సమంగా గానీ, ఒకటి రెండు డిగ్రీలు మాత్రం కిందికి గానీ ఉండాలి. హ్యాండిల్‌బార్ మరీ దూరంగా, మరీ కిందికి ఉన్నా ఇదే జరుగుతుంది. బ్రేక్ హుడ్ల (బ్రేక్ లివర్ల పైన ఉండే రబ్బరు పట్టుల) మీద చేతులు పెట్టినప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, మణికట్టు వెనక్కి విరిచినట్టు ఉండకూడదు. ఐదు, పది నిమిషాలకు ఒకసారి పట్టు మార్చండి. రైడ్ అయ్యాక కూడా తిమ్మిరి పోకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడానికో తాళం తిప్పడానికో వేళ్లలో పట్టు లేకపోయినా సైకిల్ ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

నడుము పట్టేయడానికి హ్యాండిల్‌బార్ దూరం ఒక కారణం. సీటు మరీ ఎత్తుగా ఉండి తుంటి ఎడాపెడా ఊగడం ఇంకో కారణం, వెనక నుంచి వీడియో తీస్తే కనిపిస్తుంది. రేసర్లలా హ్యాండిల్‌బార్ బాగా కిందికి దించితే చూడటానికి బాగానే ఉంటుంది, కానీ రోజంతా కుర్చీలో వంగి కూర్చునే నడుము ఇంకో మూడు గంటలు అలా వంగి ఉండలేదు. స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) కింద దాన్ని ఎత్తులో ఉంచే స్పేసర్ రింగులు ఉంచుకోండి. పావుగంటకు ఒకసారి పెడళ్ల మీద లేచి నిలబడి, నడుము కొద్దిగా వెనక్కి సాగదీసి కూర్చోండి. మెడ నొప్పికీ దాదాపు ఇవే కారణాలు. దానికి తోడు కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే తల ఇంకా పైకెత్తాల్సి వస్తుంది.

మీరు అడగలేదు, చాలామంది అడగడానికి సిగ్గుపడతారు కాబట్టి నేనే చెప్తాను. జననాంగాల దగ్గర తిమ్మిరి వస్తే ఓర్చుకోవద్దు, అది ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా. అక్కడి నరాల మీద, రక్తనాళాల మీద ఒత్తిడి పడుతోందని అర్థం. కూర్చున్నప్పుడు కిందికి తగిలే రెండు ఎముకల మీద బరువు ఉండాలి, వాటి మధ్య కాదు. సీటు ముక్కు పైకి లేచి ఉంటే ముందు దాన్ని దించండి. తగ్గకపోతే సీటు వెడల్పు మార్చండి, మధ్యలో ఖాళీ ఉన్న రకం ప్రయత్నించండి. మరీ మెత్తని సీటు మంచిదనుకుంటారు గానీ, ఎముకలు అందులో కూరుకుపోయి మధ్య భాగం పైకి ఒత్తుకుంటుంది.

ఇక వ్యాయామం. ఫిట్టింగ్ ఒక్కో చుట్టులో పడే భారాన్ని తగ్గిస్తుంది, ఆ భారాన్ని మోసే శక్తిని పెంచేది మాత్రం వ్యాయామమే. 2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 25 పరిశోధనలను, 26,610 మందిని కలిపి విశ్లేషించారు. బలం పెంచే వ్యాయామాలతో గాయాలు మూడో వంతుకన్నా తక్కువకు పడిపోయాయి. అన్ని రకాల వ్యాయామాలూ కలిపి చూస్తే అతి వాడకం వల్ల వచ్చేవి దాదాపు సగమయ్యాయి. స్ట్రెచింగ్ ఒక్కటే చేసినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాళ్లు సైకిలిస్టులు కారు, రకరకాల ఆటల వాళ్లు. అయినా నా అనుభవం కూడా ఇదే. రైడ్ అయ్యాక స్ట్రెచింగ్ హాయిగా ఉంటుంది, చేసుకోండి. వారానికి గంటే ఉందంటే మాత్రం దాన్ని బరువులకు ఇవ్వండి. సైకిల్ తొక్కడంలో ఎముకల మీద బరువు పెద్దగా పడదు కాబట్టి ఎముకల గట్టిదనానికి కూడా ఇవి అవసరం.

ముందు ఒక పరీక్ష చేసుకోండి. అద్దం ఎదురుగా 15, 20 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు మీద కుడి కాలితో నిలబడండి. ఎడమ మడమ నేలను తాకేదాకా నెమ్మదిగా, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. కుడి మోకాలు ఎటు పోతోందో చూడండి. రెండో వేలి వైపే తిన్నగా వంగాలి. బొటనవేలు దాటి లోపలికి వాలుతోందా, ఎడమ తుంటి కిందికి జారుతోందా, చివర్లో దభీమని పడిపోతున్నారా? ఇప్పుడు ఎడమ కాలితో చేసి పోల్చండి. నొప్పి ఉన్న కాలు ఈ పరీక్షలో తడబడటం తరచూ చూస్తాను. పెడల్ మీద కూడా ఆ మోకాలు అలాగే వాలే అవకాశం ఉంది. తుంటి పక్కన, పిరుదుల్లో ఉండే కండరాలు, తొడ కండరం బలపడితే ఆ వాలడం తగ్గుతుంది. ఈ మెట్టు దిగడమే మీ మొదటి వ్యాయామం కూడా.

వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున చేయండి. మెట్టు దిగడం, వెల్లకిలా పడుకుని ఒంటికాలితో తుంటిని పైకెత్తే బ్రిడ్జి, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్, డంబెల్స్ పట్టుకుని తుంటి దగ్గర వంగి లేచే డెడ్‌లిఫ్ట్, ఒంటికాలి మీద మడమ ఎత్తడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మూడు సెట్లు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. తేలికైపోతే బరువు పెంచాలి, ఊరికే సంఖ్య పెంచుకుంటూ పోతే లాభం తక్కువ. నడుముకి, పక్కకు తిరిగి మోచేతి మీద ఒంటిని తిన్నగా నిలిపే సైడ్ ప్లాంక్, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాపే బర్డ్ డాగ్. చేతుల మీద బరువు పడకుండా ఒంటిని నిలబెట్టేది ఈ మధ్య కండరాలే కాబట్టి మీ తిమ్మిరికి కూడా ఇవి పనికొస్తాయి. భుజాల వెనక కండరాలకు బ్యాండ్‌తో రోయింగ్. మొదటి రెండు వారాలు స్క్వాట్లో మోకాలు నొప్పిస్తే గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు 30, 45 సెకన్లు నిలవండి, ఐదుసార్లు. సగం కూర్చున్నా చాలు. పెద్ద రైడ్ ముందు రోజు మాత్రం కాళ్ల వ్యాయామం పెట్టుకోవద్దు. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మూడో వారంలో మానేయకండి.

డబ్బిచ్చి ఫిట్టింగ్ ఎప్పుడు చేయించాలి? దూరం తగ్గించి, సీటు, క్లీట్లు సరిచూసుకుని, నాలుగైదు వారాలు వ్యాయామం చేసినా నొప్పి కదలకపోతే చేయించండి. ఒక కాలు పొట్టిగా ఉన్నా, పాత గాయమో ఆపరేషనో ఉన్నా ముందే వెళ్లండి. మంచి ఫిట్టర్ ముందు మీ నొప్పి గురించి, వారానికి ఎంత తొక్కుతారో అడుగుతారు. సైకిల్ దింపి, మంచం మీద పడుకోబెట్టి తుంటి, చీలమండ ఎంత కదులుతున్నాయో చూస్తారు. చివర్లో కొలతలన్నీ రాసి ఇస్తారు, కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. ఇవేవీ లేకుండా లేజర్ గీతలు మాత్రమే చూపిస్తే మీ డబ్బు మిగుల్చుకోండి.

మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఆగినా, నడుస్తుంటే ఒక్కసారిగా వదిలేసినా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా ఇవన్నీ పక్కనపెట్టి డాక్టర్‌ని కలవండి. నడుము నొప్పితో పాటు కాలిలో బలం తగ్గినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా అది అత్యవసరం, మరుసటి రోజు దాకా ఆగకూడదు.

మీ 100 కిలోమీటర్ల రైడ్ విషయం: తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. రెండు నెలలకు పైగా ఉంటే పేరు అలాగే ఉంచండి. ఆ వారానికి ముందు 70 కిలోమీటర్లు నొప్పి పదికి రెండు దాటకుండా తొక్కగలిగితే వెళ్లండి. నెలలోపే ఉంటే ఈసారికి వదిలేయండి, లేదా తక్కువ దూరం విభాగం ఉంటే అందులోకి మారండి. కుడి వైపు నుంచి, వెనక నుంచి తీసిన వీడియోలు, క్లీట్ల ఫొటో పెడితే ఏది ముందు మార్చాలో చూసి చెప్తాను.